వదంతి పట్టుబడాలి, గుట్టు బయటపడకూడదు: ఏ దారి ఎవరికి?

వంశధారకి వరద వచ్చిన ఒక రాత్రి మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఆడియో ఒకటి పడింది. "ఓలమ్మో, గొట్టా గేట్లు కొట్టుకుపోనాయట, ఉన్నపళంగా ఎల్లిపోండి" అని ఎవరో ఆడమనిషి గొంతు. ఎవరామె, ఏ ఊరు, ఆ మాట ఏ రోజు అంది, ఏదీ తెలీదు. కాసేపట్లో అదే ఆడియో ఫేస్‌బుక్‌లో ఏదో పాత వరద ఫోటో మీదికెక్కింది. అర్ధరాత్రికి యూట్యూబ్ షార్ట్ అయింది. అక్కడి నుంచి మళ్ళీ మా గ్రూపుకే వచ్చింది, ఈసారి "న్యూస్‌లో కూడా వచ్చింది" అన్న తోకతో.

వరదొస్తే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తి నీళ్ళు కిందికి వదులుతారు. అది ఏటా ఉండేదే. ఎత్తడానికీ కొట్టుకుపోవడానికీ మధ్య ఉన్న తేడా ఫోన్లు దాటుతూ వచ్చేసరికి కరిగిపోయింది.

నాది నరసన్నపేట వైపు చిన్న నెట్ సెంటర్. ఊరి గ్రూపుకి అడ్మిన్ కూడా నేనే. సభ్యులు రెండొందల పైచిలుకు, అందులో సగం మంది ఊళ్ళో ఉండరు. గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీద, చెన్నైలో, హైదరాబాద్‌లో పనుల మీద ఉంటారు. "ఇది నిజమేనా అన్నా?" అని రోజుకొకరైనా అడుగుతారు. ఎక్కడ సరిచూడాలో చెప్పడం కష్టమేమీ కాదని చాలాకాలం అనుకున్నాను. ఒక చేదు అనుభవం తర్వాత ఆ ధీమా పోయింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఫలానా ఆకు రసం తాగితే క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే అంకె) దిగిపోతుంది, డయాలసిస్ అక్కర్లేదు అని ఒక మెసేజ్ వచ్చింది. రుజువుగా ఒక ల్యాబ్ రిపోర్టు ఫోటో. అబద్ధమేనని తేల్చుకుందామని, "ఫేక్ వార్తలు చెక్ చేస్తాం" అని ఎవరో ఇచ్చిన ఒక నంబరుకి ఉన్నది ఉన్నట్టు ఫార్వర్డ్ చేశాను. జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత అదే రిపోర్టు వేరే జిల్లా గ్రూపులో కనబడింది. పైన రోగి పేరు, వయసు, మూలన ఫోన్ నంబరు. నా ఫోన్ నుంచే వెళ్ళిందో ఇంకో దారిలో వెళ్ళిందో తేల్చలేను. కానీ ఆ వదంతిని సరిచూడటానికి ఆ రిపోర్టుతో పనే లేదు. "ఆకు రసంతో క్రియాటినిన్ తగ్గుతుందా" అన్న ఒక్క వాక్యం చాలేది.

అందుకే ఇప్పుడు ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే, అది వదంతిని పట్టుకుంటుందా అన్నదానికంటే ముందు, అడిగేటప్పుడు మన చేతిలోంచి ఏం బయటికి పోతోందో చూడమంటాను.

## ఎంచుకునే ముందు

నేను చూసేవి నాలుగు. మొదటిది ఇప్పుడే చెప్పింది: బయటికి పోయేదేమిటి? ఒక వాక్యమా, ఫోటోనా, పంపినవాళ్ళ పేర్లున్న స్క్రీన్‌షాటా, గ్రూపు మొత్తమా?

రెండోది, జవాబు ఎంతసేపట్లో వస్తుంది. ఆకు రసం గురించి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, వరద గురించి అరగంట కూడా ఆగలేం. మూడోది, మన భాష, మన ఊరు దానికి అర్థమవుతాయా. "ఎల్లిపోనాం" అన్న మాట, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, వాయిస్ నోట్ అంటే చాలా యంత్రాలకు కొరుకుడుపడవు.

నాలుగోది మన జిల్లాల వాళ్ళకి ప్రత్యేకం. టవర్ పడిపోతే ఏం చేస్తాం? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు, సిగ్నల్ పోయి జనం పడ్డ అవస్థ చూసినవాళ్ళెవరూ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోరు.

| దారి | బయటికి పోయేది | జవాబు వేగం | ఊరి సంగతి తెలుస్తుందా |
|---|---|---|---|
| ప్రభుత్వ సమాచారం నేరుగా చూడటం | దాదాపు ఏమీ లేదు | వెంటనే | వాతావరణం, వరద వరకు తెలుస్తుంది |
| ఫ్యాక్ట్‌చెక్ వాట్సాప్ నంబర్లు | మీ నంబరు, పంపిన మెసేజ్ | గంటలు, ఒక్కోసారి రోజులు | తక్కువ |
| మీరే వెతుక్కోవడం (లెన్స్ వగైరా) | ఫోటో లేదా వాక్యం | నిమిషాలు | పాత ఫోటో అయితే బాగా |
| ఏఐ చాట్‌బాట్ | టైప్ చేసినదంతా | క్షణాలు | నమ్మలేం |
| గ్రూపులో పెట్టే బాట్ | గ్రూపులో పడే ప్రతిదీ | క్షణాలు | నమ్మలేం |
| ఫోన్ దాటకుండా పనిచేసే మోడల్ | మోడల్ నేర్చుకున్న అంకెలే (కింద చెప్తాను) | ఇంకా పరిశోధనలోనే | శిక్షణని బట్టి |

పట్టికలో అన్నీ ఒకే వరసలో కనబడుతున్నాయి గానీ నా లెక్కలో సమానం కావు.

## ప్రభుత్వ సమాచారం: అడగనక్కర్లేదు, చూస్తే చాలు

తుపాను సంగతైతే విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం, వాతావరణ శాఖ బులెటిన్లు. తుపాను దగ్గరపడినప్పుడు 3 గంటలకోసారి కొత్తది వస్తుంది, దాని మీద సమయం ఉంటుంది. ఆ సమయం చూడటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే నిన్నటి బులెటిన్ ఇవాళ తిరిగితే అదీ వదంతే. ఇక్కడ చిన్న పిడకల వేట. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సంకేతాల్లో 11 అంటే 10 కంటే పెద్ద తుపాను అని మా గ్రూపులో ఏటా ఒకరు రాస్తారు. కాదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని 11 అర్థం.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకి 112, 1070, 1800 425 0101 నంబర్లున్నాయి. నెట్ లేకపోయినా మామూలు ఫోన్ కాల్ వెళ్తే చాలు. అడిగేది ఒక్క ప్రశ్న కాబట్టి మీ గ్రూపులో ఎవరేమన్నారో వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉద్యోగాలు, ఉచిత రీఛార్జ్‌ల పేరుతో తిరిగే మెసేజ్‌లకి పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) ఫ్యాక్ట్ చెక్ ఉంది, 2019 నుంచి. వాట్సాప్ నంబరు 8799711259. కానీ అది కేంద్రానికి సంబంధించిన వాటికే. గొట్టా గేట్ల గురించి వాళ్ళని అడిగి లాభం లేదు. ప్రభుత్వం మీద వచ్చిన విమర్శ నిజమో కాదో ప్రభుత్వమే తేల్చడం ఎంతవరకు సబబు అన్నది వేరే చర్చ. కేంద్రం సొంత ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌కి చట్టబలం ఇస్తూ 2023లో తెచ్చిన నిబంధనని 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న విషయంలో మాత్రం నాకు ఆ అనుమానం లేదు.

10 రూపాయల నాణెం చెల్లదన్న పుకారు చూడండి. మా బజారులో ఇప్పటికీ తీసుకోని కొట్లున్నాయి. రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనని ప్రింటు తీసి మా సెంటర్ గోడకి అంటించాను. ఎవరి ఫోన్లోంచీ ఏదీ బయటికి పోలేదు.

## ఫ్యాక్ట్‌చెక్ నంబర్లు

తెలుగులో పనిచేసేవాళ్ళున్నారు. హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రాస్తాయి. గొంతు, మొహం మార్చిన ఏఐ వీడియోల కోసం డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ అని 2024లో మొదలైంది, తెలుగులోనూ తీసుకుంటుంది. మనుషులు కూర్చుని చూస్తారు కాబట్టి జవాబులో ఆధారం ఉంటుంది. అదే దీని బలం. మనుషులు కాబట్టే ఆలస్యం కూడా.

పేరున్న సంస్థకీ, "చెక్ చేస్తాం" అని గ్రూపుల్లో తిరిగే అనామక నంబరుకీ తేడా నాలాగా ఆలస్యంగా తెలుసుకోకండి. నంబరు సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. పంపేది ఎలా పంపుతున్నారో అంతకంటే ముఖ్యం. ఫార్వర్డ్ చేస్తే మెసేజ్ ఒక్కటే వెళ్తుంది. స్క్రీన్‌షాట్ తీస్తే పైన గ్రూపు పేరు, పక్కన పంపినవాళ్ళ పేరు లేదా నంబరు, కింద వాళ్ళ చెల్లెలు పెట్టిన "అన్నయ్య ఎక్కడున్నావు" కూడా వెళ్తుంది. తప్పనిసరై స్క్రీన్‌షాటే పంపాలంటే కత్తిరించండి.

పేర్లు చెరపడానికి ఫోన్ ఎడిటర్‌లో పెన్ను వాడేవాళ్ళకి ఒక మాట. మొన్న ఒకాయన ఇలాగే నల్లగా పూసిన ఆధార్ కార్డు ఫోటో ప్రింటుకి తెచ్చారు. ఆయన వాడింది హైలైటర్. బ్రైట్‌నెస్ పెంచితే అంకెలన్నీ నెమ్మదిగా పైకి తేలాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గట్టి రంగున్న చతురస్రం పెట్టండి, లేదా ఆ ముక్కని కత్తిరించేయండి.

వాట్సాప్‌లో "రిపోర్ట్" కొట్టడం కూడా కొందరు సరిచూడటమే అనుకుంటారు. అది ఫిర్యాదు. ఆ నంబరు నుంచో గ్రూపు నుంచో వచ్చిన చివరి 5 మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి. మోసగాడి మీదైతే కొట్టాల్సిందే. పిన్ని పంపిన పుకారు మీద కొట్టకండి.

## మీరే వెతుక్కోవడం

నాకు బాగా ఉపయోగపడేది ఇదే. గూగుల్ లెన్స్‌లో ఫోటో పెడితే పాత వరద ఫోటో ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో చాలాసార్లు తేలిపోతుంది. గూగుల్ ఫ్యాక్ట్ చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో మాట కొడితే, ఇంతకుముందు ఎవరైనా తేల్చి రాసి ఉంటే కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం ఏదైనా ఫర్వాలేదు. వాట్సాప్‌లో వచ్చినా ఇన్‌స్టాలో వచ్చినా ఫోటో ఫోటోనే.

ఫోటోలో మనిషి మొహం, బడి యూనిఫాం, బండి నంబరు ఉంటే మాత్రం అవి లేకుండా నేపథ్యం ముక్కనే వెతకండి. వంతెన, గుడి గోపురం, బోర్డు చాలు. నిజానికి మొహాల కంటే అవే బాగా పట్టిస్తాయి.

ఆడియో దగ్గర ఈ దారి చతికిలబడుతుంది. గొంతుని వెతికే సాధనం మనలాంటివాళ్ళ చేతిలో లేదు. నేను చేసేది ఇదీ: విని, అందులో చెప్పిన సంగతిని నా మాటల్లో ఒక్క వాక్యంగా రాసి, దాన్ని వెతుకుతాను. ఆ గొంతు ఎవరిదో, ఆవిడ ఎందుకు ఏడుస్తోందో బయటివాళ్ళకి తెలియాల్సిన పని లేదు.

వాట్సాప్ కూడా ఒక చిన్న గుర్తు ఇస్తుంది. చాలా చేతులు మారిన మెసేజ్ మీద రెండు బాణాలు కనబడతాయి, అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని పుకార్లు లేచి అమాయకులు దెబ్బలు తిని చనిపోయాక ఫార్వర్డ్‌లకి 5 చాట్‌ల పరిమితి పెట్టారు. 2020లో దాన్ని ఇంకా బిగించారు. మెసేజ్ లోపల ఏముందో కంపెనీ చదవకుండానే ఇది పనిచేస్తుంది. వదంతి జోరు తగ్గించడానికి గుట్టు విప్పక్కర్లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రెండు బాణాలుంటే అబద్ధమని కాదు, ఒకసారి ఆగమని.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పోస్టుల కింద వాడేవాళ్ళే రాసే వివరణలు, అంటే కమ్యూనిటీ నోట్స్ గురించి ఎక్కువ రాయను. మా ఊళ్ళో ఎక్స్ చూసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

## చాట్‌బాట్, గ్రూపు బాట్

చాట్‌బాట్‌ని అడగడం ఇప్పుడు పిల్లలకి బాగా అలవాటైంది. పాత విషయాలకి, మందుల పుకార్లకి మొదటి మెట్టుగా పనికొస్తుంది. ఇవాళ సాయంత్రం నాగావళిలో ఎంత నీరుందో అడిగితే మాత్రం ఒక్కోసారి తడుముకోకుండా ఏదో ఒకటి చెప్పేస్తుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్ళకి ఆ ధీమా నిజంలా వినబడుతుంది. పైగా అందులో టైప్ చేసింది కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. సెట్టింగ్స్‌లో ఆపుకోకపోతే శిక్షణకీ వాడుకునేవి ఉన్నాయి. వాట్సాప్ లోపల కనబడే మెటా ఏఐ కూడా అంతే. దానికి పంపిన మాట మెటా చదవగలదు, ఇద్దరు మనుషుల మధ్య చాట్‌లా తాళం పడదు.

ఇక గ్రూపులో ఒక నంబరు చేర్చుకుంటే ఫేక్ మెసేజ్‌లు దానంతటదే పట్టేస్తుందనే బాట్‌లు. ఒక్క మాటలో చెప్తాను: వద్దు. ఎండ్-టు-ఎండ్ తాళం (పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు) బయటివాళ్ళ నుంచి కాపాడుతుంది, లోపలికి మనమే పిలిచి కూర్చోబెట్టినవాళ్ళ నుంచి కాదు. చావు కబురు, అప్పు గొడవ, పెళ్ళిచూపుల ఫోటో, అన్నీ దాని కళ్ళ ముందు నుంచే పోతాయి. వదంతి వారానికొకటి వస్తుంది. దాని కోసం మిగతా వారమంతా ఇల్లు తెరిచి పెట్టుకుంటామా?

## డేటా కదలకుండా నేర్చుకునే మోడళ్ళు: కాలేజీ పిల్లల కోసం

ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటుకి తెచ్చే ఇంజనీరింగ్ పిల్లల దగ్గర ఈ మధ్య ఫెడరేటెడ్ లెర్నింగ్ అన్న మాట తరచూ కనబడుతోంది. వదంతుల్ని ఒక్కో ప్లాట్‌ఫాంలో విడిగా కాకుండా అన్నింట్లో కలిపి పట్టాలి, కానీ ఏ ప్లాట్‌ఫాం డేటా కూడా బయటికి రాకూడదు అన్నది వాళ్ళ లక్ష్యం. ఆలోచన అందమైనదే.

పలాస జీడి పరిశ్రమలతో పోల్చి చెప్తాను. పప్పుని సైజుని బట్టి 180, 240, 320 అని గ్రేడు కట్టడానికి చూపు కావాలి. పది పరిశ్రమలు తమ సరుకంతా ఒకచోట పోసి నేర్పితే చూపు బాగా వస్తుంది, కానీ ఎవరి సరుకు ఎంతో అందరికీ తెలిసిపోతుంది. దాని బదులు ఎవరి షెడ్డులో వాళ్ళు నేర్చుకుని, నేర్చుకున్న చూపుని మాత్రమే పంపుకుంటే? పప్పు కదలదు, చూపు కదులుతుంది. ఫెడరేటెడ్ లెర్నింగ్‌లో ఆ చూపు మోడల్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం) లోపలి అంకెల మార్పుల రూపంలో వెళ్తుంది. గూగుల్ తన కీబోర్డుకి ఈ పద్ధతే వాడింది.

చిక్కులు మూడున్నాయి. ఒకటి, ఆ అంకెల నుంచే అసలు ఫోటోనో వాక్యాన్నో వెనక్కి లాగొచ్చని 2019లో పరిశోధకులు చూపించారు. అందుకే అంకెలకి కావాలని కొంత రణగొణ (అడ్డదిడ్డపు చిన్న మార్పులు) కలుపుతారు, దాన్ని డిఫరెన్షియల్ ప్రైవసీ అంటారు. రణగొణ పెరిగితే గుట్టు భద్రం, కానీ చూపు మసకబారుతుంది. ముందుగా మసకబారేవి అరుదైన ఉదాహరణలు. అంటే మన గొట్టా గేట్ల లాంటి చిన్న ఊళ్ళ వదంతులే.

రెండోది, పరిశోధనల్లో ఎక్కువగా వాడే ట్విట్టర్15, ట్విట్టర్16, ఫీమ్, వీబో అనే సోషల్ మీడియా వదంతుల డేటా ఇంగ్లీషుదీ చైనీసుదీ. వాటి మీద తొంభై శాతం దాటిన ఖచ్చితత్వం మా ఆడియో మీద ఎంత వస్తుందో ఆ అంకె చెప్పదు. పైగా వాటిలో చాలా పద్ధతులు ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న చెట్టుని చూసి వదంతిని పడతాయి. వాట్సాప్‌లో ఆ చెట్టు ఎవరికీ కనబడదు, కనబడకూడదు కూడా. మొదటి పంపకందారుని చెప్పాలన్న 2021 ఐటీ నిబంధనల మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది ఈ కారణంతోనే. ఒక్కడిని పట్టడానికి అందరి మెసేజ్‌ల జాడా ఉంచుకోవాల్సి వస్తుందన్నది వాళ్ళ వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది.

మూడోది, డేటా ఎక్కడిది? ఊరి గ్రూపు చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి "పేర్లు తీసేశాం సార్" అంటారు. పేరు తీసినా "మా అమ్మకి సోమవారం డయాలసిస్" అన్న వాక్యం చాలు, ఊళ్ళో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకి మినహాయింపు ఇచ్చింది. రెండొందల మంది మాటల్ని ప్రాజెక్టుకి కుప్పపోయడం ఇంటి అవసరం అనిపించుకోదు. బహిరంగ యూట్యూబ్ షార్ట్‌లు, ఫేస్‌బుక్ పేజీలు, తేల్చి రాసిన తెలుగు ఫ్యాక్ట్‌చెక్‌లతో మొదలుపెట్టండి. గ్రూపు మెసేజ్‌లే కావాలంటే, ఎవరి మెసేజ్‌కి వాళ్ళే అనుమతిచ్చి ఇవ్వాలి.

మీ పనిలో నాకు వెంటనే ఉపయోగపడేది మాత్రం చిన్నది: ఒకే ఫోటో కొంచెం కత్తిరించి, రంగు మార్చి వచ్చినా ఫోన్ లోపలే వేలిముద్ర (ఆ ఫోటోని గుర్తుపట్టే అంకెల వరస) తీసి, ఇంతకుముందు తేల్చేసిన ఫోటోల జాబితాతో పోల్చే యాప్. జాబితా ఫోన్‌కి దిగాలి, ఫోన్‌లోది పైకి వెళ్ళకూడదు. తెలుగులో అది చేసి తెస్తే మా గ్రూపులో నేనే అందరిచేతా ఎక్కిస్తాను.

## ఎవరికి ఏది

గ్రూపు అడ్మిన్ అయితే ప్రభుత్వ నంబర్లు, బులెటిన్ లింకు పిన్ చేసి పెట్టండి. అనుమానం వచ్చిన మెసేజ్‌ని మీకు ఫార్వర్డ్ చేయమనకండి, "ఏమంటున్నారో ఒక్క లైన్లో చెప్పు" అనండి. సగం పుకార్లు ఆ లైను రాయబోతేనే ఊడిపోతాయి. విలేకరులకి ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు, లెన్స్ రెండూ కావాలి. వాళ్ళ ఫోన్‌లో బాధితుల ఫోటోలుంటాయి గనక కత్తిరించే నియమం వాళ్ళకి రెట్టింపు వర్తిస్తుంది. వాయిస్ నోట్‌లు వినడం తప్ప చదవడం రాని పెద్దవాళ్ళకి యాప్‌లు నేర్పే శ్రమ పెట్టుకోకండి, కాల్ చేయడానికి ఒక మనిషిని చూపించండి.

దూరాన ఉన్నవాళ్ళకి పట్టికలో లేని దారి ఒకటుంది. ఆ వరద రాత్రి వేరావల్ నుంచి మా కుర్రాడొకడు ఒంటిగంటకి నాకు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది, ఊరు మునిగిపోయిందన్న షార్ట్ చూశాడు. నాకూ తెలీదు. "గట్టు మీద ఎవరున్నారు మీవాళ్ళు?" అన్నాను. మేనత్త ఉందన్నాడు. కాల్‌లో కలిపాం. ఆవిడ నిద్రమత్తులో ఎత్తింది.

"గేట్లు ఎత్తినారురా. నీరు గట్టు దాటనేదు. నువ్వు తొంగో."